వేలిక్లిప్పుకు తెలియని సరుకు

గల్ఫ్‌లో, మెసయీద్ లేబర్ క్యాంపు పక్కన దస్తగిరికి కిరాణా కొట్టుంది. అతని బావమరిది రసూల్ ఎరువుల ఫ్యాక్టరీలో పరంజాలు కట్టే పనిలో ఉన్నాడు. కొన్నాళ్లుగా మెట్లెక్కితే ఆయాసం. సిగరెట్లు మానమంటే వినడు. కొట్లో అమ్మే ఆక్సిజన్ క్లిప్పు వేలికి తగిలించుకుని, తొంభై ఎనిమిది కనబడగానే నవ్వేవాడు.

"చూడు బావా. నా నెత్తురు ఫస్ట్ క్లాసుగా ఉండాది. ఊరికే నా మీద పడతావు."

క్యాంపులో అదొక అలవాటైపోయింది. డ్యూటీ బస్సెక్కే ముందు వేలు పెట్టి చూసుకోవడం, అంకె బాగుంటే నిశ్చింతగా ఇంకో దమ్ము లాగడం.

ఈ ఉదయం పరంజా సగం ఎక్కాక రసూల్‌కు కళ్లు తిరిగాయి. నడుముకు బెల్టు లేకపోతే మనిషి దక్కేవాడు కాదు. కబురందగానే దస్తగిరి కొట్టు మూసి క్లినిక్‌కు పరుగెత్తాడు.

నర్సు శివకుమారి రసూల్‌తో ఒక మిషన్‌లోకి ఊదించింది. "పొగ గ్యాసు బాగా ఎక్కువుందండీ."

"అదెట్లమ్మా? క్లిప్పు తొంభై ఎనిమిది చూపిస్తాండాది కదా," అన్నాడు దస్తగిరి, తన సరుకుకు ఎవరో వంక పెట్టినట్టు.

"క్లిప్పు నెత్తురు ఎరుపు చూసి చెబుతుందండీ. సిగరెట్టు పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. ఎర్రకణాల్లో ఆక్సిజన్ కూర్చోవాల్సిన చోట అదెక్కి కూర్చుంటుంది. ఓ పట్టాన దిగదు. నెత్తురు ఎర్రగానే ఉంటుంది గనక క్లిప్పుకి రెండూ ఒకటే."

దస్తగిరికి లెక్క ఇట్టే అర్థమైంది. నెత్తుట్లో ఎర్రకణాల లారీలు నిండుగానే గేటు దాటుతున్నాయి. టార్పాలిన్ ఎత్తి చూసేవాడే లేడు. లోపల చెత్త. సరుకు చాలక గుండె పరుగులు తీస్తోంది, అదీ ఈ ఎండలో, అంత ఎత్తున.

"ఎప్పటికి పోతాది?" అడిగాడు రసూల్.

"తాగకపోతే రేపటికల్లా చాలావరకు పోతుందండీ. ఎల్లుండి మళ్లీ ఊదించి చూసేదాకా పరంజా ఎక్కకూడదు," అని ఆమె లోపలికి వెళ్లింది.

రసూల్ మొహం వెలిగింది. "మళ్లీ టెస్టు ఎల్లుండి. అంతవరకు ముట్టను బావా. పాసైతే మళ్లీ పైకి ఎక్కనిస్తారు. ఆ తర్వాత నా ఇష్టం."

తనిఖీ రోజున మాత్రమే సరైన తూకంరాళ్లు బయటికి తీసే బేరగాళ్లను దస్తగిరి ఎంతోమందిని చూశాడు. ఒళ్లు మండిపోయింది.

"పడి చస్తే మీ అక్కకు ఏం చెప్పాల్రా నేను?"

"నువ్వు అమ్మిందే తాగినాడని చెప్పు."

ఆ మాట చెంపదెబ్బలా తగిలింది. "నీకు ఇంక అమ్మను. నేను అమ్మకుంటే పక్క కొట్టుకు పోతావు, అదీ తెలుసు." ఫోన్ తీసి ఫోర్‌మన్ ముఖ్తార్‌కు కలిపి ఉర్దూలో చెప్పాడు: "రసూల్‌ను ఎల్లుండి ఒక్క టెస్టుతో వదలొద్దు భాయ్. ఊదే మిషన్ తెప్పించి రోజూ పరంజా కిందే ఊదించు. తేడా వస్తే ఎక్కనీయకు."

"పొట్ట మీద కొడతాండావు బావా."

"కొడతాండా. బతికుండి తిట్టుకో."

రసూల్ గోడ పట్టుకుని లేచాడు. గుమ్మం దాటకముందే ఆగి ఊపిరి తీసుకోవాల్సి వచ్చింది. దస్తగిరి చెయ్యందించలేదు.