కృతజ్ఞతల్లో ఉడాన్ పేరు

తుంబాంగ్ సరాయ్ రేవులో ఉడాన్ కుడిచేతి వేళ్లు విరగ్గొట్టింది అతని తెడ్డుతోనే. అదీ పట్టపగలు, చేపల బేరం జోరుగా సాగుతుండగా. కొట్టే ముందు కొర్నెల్ అనే రౌడీ ఫోన్ తీసి, బళ్లో పాఠం అప్పజెప్పినట్టు గట్టిగా చదివాడు. "పడవ నడిపిన శ్రీ ఉడాన్‌కు మా కృతజ్ఞతలు. ఆయన లేకపోతే ఈ నమూనాలు దొరికేవి కావు." ఒక్కో మాటకి ఒక్కో వేలు. వేళ్లు ఐదే కాబట్టి మిగిలిన మాటలకి మోచెయ్యి సరిపెట్టాడు.

ఆ మాటలు రాసింది మెరియాతి. పట్నంలో విశ్వవిద్యాలయంలో రసాయనశాస్త్రం చెబుతుంది. ఎగువన బంగారం తోడే తెప్పల వాళ్లు నదిలో కలిపే పాదరసం ఎంత దూరం పోతోందో తేల్చడానికి రెండేళ్లు ఉడాన్ పడవలో తిరిగింది. నీళ్లు పట్టింది, చేపలు కోసింది, ఒంట్లోకి పాదరసం ఎంత చేరిందో చూడ్డానికి ఇరవై ఇద్దరు పిల్లల జుట్టు కత్తిరించి సీసాల్లో దాచింది. వ్యాసం రాశాక తోటి ఆచార్యులది ఒకటే పోరు, విదేశీ పత్రికకి పంపు, పేరొస్తుంది అని. చందా కట్టినవాళ్లు తప్ప ఇంకెవరూ చదవలేని పత్రిక అది.

"చందా కట్టేవాళ్లెవరూ మా ఏటి నీళ్లు తాగరు లెండి" అని మెరియాతి తమ శాఖ ఇంటర్నెట్‌లో నడిపే పత్రికలోనే వేసింది. దాన్ని ఎవరైనా ఉచితంగా చదువుకోవచ్చు, కాపీ తీసుకోవచ్చు, పంచుకోవచ్చు. పిల్లల పేర్లు బయటపడకూడదని వరుస అంకెలు వేసింది. ఇంత జాగ్రత్తపడ్డ మనిషి చివరి పేరా దగ్గరికొచ్చేసరికి కరిగిపోయింది. సాయం చేసినవాణ్ణి పేరు పెట్టి తలుచుకోకపోతే వాళ్ల దేశంలో అన్నం తిన్న ఇంటిని మరిచినట్టే. అందుకే ఊరూ పేరూ రాసింది. అందరికీ తెరిచిన తలుపులోంచి దొంగ కూడా వస్తాడని ఆమెకి తట్టలేదు.

ఆసుపత్రిలో ఉడాన్ భార్య ఎర్ని మెరియాతిని మంచం దగ్గరికి కూడా రానివ్వలేదు. "ఎవరడిగారమ్మా మీ కృతజ్ఞతలు? కూడు పెట్టే చెయ్యి కాస్తా పోయింది. దండేసి పటం కట్టించుకోమంటారా?"

ఆ సాయంత్రమే కొర్నెల్ మెరియాతికి ఫోన్ చేశాడు. ఎగువ తెప్పల యజమాని దగ్గర మనుషుల్ని కొట్టడమే వాడి ఉద్యోగం. అయినా అమ్మగారూ అన్నట్టు మర్యాదగా ఇబూ అనే పిలిచాడు. "శుక్రవారం మధ్యాహ్నానికల్లా ఆ కాయితం నాకు కనపడకూడదు, ఇబూ. ఆయనకి ఇంకో చెయ్యి ఉందిగా, దాన్ని మరిచిపోకండి."

శుక్రవారం పొద్దున్నే మెరియాతి వ్యాసాన్ని తీసేసింది. రెండేళ్ల కష్టాన్ని తన వేలితోనే నొక్కి చంపినట్టయింది. ఏడుస్తూనే బండి తీసుకుని తుంబాంగ్ సరాయ్ వెళ్లింది. ఉడాన్ రేవు దగ్గర ఇంటి అరుగు మీద, కట్టు కట్టిన చెయ్యి గుండెకి ఆనించుకుని కూర్చున్నాడు.

"తీసేశాను అక్కా. ఇంక వాడు రాడు" అంది ఎర్నితో.

ఎర్ని విషంలా నవ్వింది. లోపలికెళ్లి, పచ్చడి మరకలు పడ్డ కాయితాలు తెచ్చింది. "ఏం తీశారు మీరు? మావాళ్లు అచ్చు తీసి పంచారు, ఇంటింటికీ ఒకటుంది. ఇదిగో చూడండి, మీ పిల్లల పట్టికలో పద్నాలుగు. ఆరేళ్లు, ఆడ, రేవు పక్క. రేవు పక్కన ఆరేళ్ల ఆడపిల్ల మా తియా కాక ఇంకెవరు? చేతులు వణుకుతుంటే దయ్యం పట్టిందని మంత్రం వేయించాం. పైగా ఒంటికి మంచిదని రోజూ చేపలే తినిపించాను, నా చేత్తో!"

అప్పుడే కొర్నెల్ పడవ రేవుకి తగిలింది. వెంట ఇద్దరున్నారు.

"ఇదేంటి మరి?" అని ఫోన్ మెరియాతి ముఖం మీద పెట్టాడు. ఎక్కడో వేరే దేశం గ్రంథాలయం వాళ్లు కాపీ చేసి పెట్టుకున్న వ్యాసం అది, ఉడాన్ పేరుతో సహా.

"అది నా చేతిలో లేదు. ఎవరైనా కాపీ చేసుకోవచ్చని నేనే రాసిచ్చాను" అంది.

వాడు కొట్టిన దెబ్బకి ఆమె పెదవి చిట్లి పన్ను కదిలింది. తర్వాత ఉడాన్ ఎడమచెయ్యి లాగి అరుగు అంచు మీద పెట్టి, బూటుకాలు ఎత్తాడు. ఆ కాలు దిగలేదు. వెనకనించి ఎర్ని రోకలి వాడి మోకాలి మీద పడింది.

వాడి అరుపుకి ఊరు ఊరంతా బయటికొచ్చింది. తెడ్లు, కట్టెలు, చేతికేది దొరికితే అది పట్టుకొచ్చిన ఆడవాళ్లని చూసి వెంట వచ్చిన ఇద్దరూ ఏట్లో దూకారు. కొర్నెల్ రేవు చెక్కల మీద పాక్కుంటూ పోతున్నాడు. ఎర్ని కాయితం విప్పింది.

"ఒకటి. నాలుగేళ్లు, మగ."

ఆ పిల్లాడి తల్లి ముందుకొచ్చి కొట్టింది, పక్కకి జరిగింది.

"రెండు. తొమ్మిదేళ్లు, ఆడ."

ఎవరూ తోసుకోలేదు. బియ్యం కోటాకి నిలబడ్డట్టు తమ అంకె వచ్చేదాకా ఆగారు. ఏడో అంకెకి వాడి దవడ పక్కకి జారింది. తొమ్మిదికి చెక్కల సందుల్లోంచి రక్తం ఏట్లోకి కారింది.

"ఆపండి! చచ్చిపోతాడు!" మెరియాతి అరిచింది. ఎవరూ తల తిప్పలేదు.

"ఎర్నీ, చాలే" అన్నాడు ఉడాన్ మెల్లగా.

పదమూడు అయింది. ఎర్ని వచ్చి కాయితం మెరియాతి చేతిలో పెట్టింది. "ఇది నా వంతు. రోకలి రెండు చేతులతో పట్టుకోవాలి. మీరు రాసిందేగా ఇబూ, చదవండి."

కొర్నెల్ తెరుచుకున్న ఒక్క కంటితో మెరియాతినే చూస్తున్నాడు. కాయితం చింపెయ్యొచ్చు, కానీ ఇంటింటికీ ఒకటుంది. ఉడాన్ వద్దన్నట్టు తలాడించాడు. ఆమె అతని కట్టు వైపు చూసింది, అందులోంచి బయటికి వచ్చిన నల్లబడ్డ గోళ్లు చూసింది. నోట్లో నెత్తురు ఉమ్మేసింది.

"పద్నాలుగు" అని చదివింది. "ఆరేళ్లు, ఆడ."