నాలుగు సెకన్ల మనిషి

ఎవరైనా కిందపడే క్షణంలో తాను వేరేవైపు చూస్తూ ఉంటుందేమోనన్నది ఆమె భయాలన్నిటిలోకీ పెద్దది. మిగతావన్నీ దాని పిల్లలు. పద్నాలుగు నెలల కూతురు మంచం అంచు పట్టుకుని నిలబడటం నేర్చినప్పటి నుంచీ ఆమెకు కంటిమీద కునుకు లేదు. ఈ పొద్దున కూడా గిన్నెలు తోముతున్నంతసేపూ పాత చున్నీ ఒక కొస పాప నడుముకీ, రెండో కొస తన నడుముకీ కట్టుకునే ఉంది.

"ఇంత పిరికిదానివి, సినిమాల్లో గాల్లో ఎగిరే మనుషుల్ని రోజంతా ఎట్లా చూస్తావే?" అంది అమ్మ, ముడి విప్పి పాపను చంకకెత్తుకుంటూ.

"ఊరికే చూడ్డానిక్కాదమ్మా. వాళ్లకి కట్టిన తాళ్లు చెరపడానికి."

"ఉన్న తాడు లేదనిపించడం! అబద్ధానికి జీతమన్నమాట. కిటికీ గడియ వేశాలే, వెళ్లు. నాలుగుసార్లు చూశావు."

ఆమె అయిదోసారి చూసి బయల్దేరింది.

పని గదికి కిటికీలు లేవు. పదకొండు కుర్చీల్లో పది ఖాళీ. ఒక కుర్చీ వీపుకి ఎవరిదో స్వెట్టరు ఇంకా వేలాడుతోంది. నాన్న మంచాన పడ్డప్పుడు తొమ్మిదో తరగతిలో బడి మానేసి, కొన్నేళ్లు జాకెట్లకి హుక్కులు కుట్టిన ఆమెను ఈ పనిలో పెట్టినవాడు సూపర్‌వైజరు. "చదువు అక్కర్లేదు చెల్లెమ్మా, సూదిలో దారం ఎక్కించే కళ్లుంటే చాలు" అన్నాడు. నిజమే. సెకనుకి ఇరవైనాలుగు ఫ్రేములు. ఒక మనిషి నాలుగు సెకన్లు గాల్లో ఉంటే తొంభైయారు. ఒక్కో ఫ్రేములో తాడు మీద ఆకాశపు ముక్కో గోడ ముక్కో అద్దుకుంటూ పోవాలి. రెండు రోజులు పట్టేది. ఆ రెండు రోజుల్లో ఆ దూకేవాడు మేనమామ కొడుకంత తెలిసినవాడైపోయేవాడు. మెడ మీది పుట్టుమచ్చ, పళ్లు బిగించే తీరు, చంకలో చెమట మరక, అన్నీ.

ఇప్పుడా పని మిషను చేస్తుంది. దానికి వాళ్లు పెట్టుకున్న పేరు కొత్తల్లుడు. గది చల్లగా ఉండాలి, అడిగింది అడిగినట్టు అందాలి, తప్పు చేసినా ఎవరూ మాట అనకూడదు. తాడు, కింద పరిచిన పరుపు, అడ్డొచ్చిన ప్రతిదాన్నీ అది నిమిషంలో మాయం చేస్తుంది. అది చేసిందాన్ని చూసి 'పాస్' నొక్కడం ఆమెకు మిగిలిన పని. షాటుకి ఒక నిమిషం గడువు. దాటితే తెర మూలన అంకెలు ఎర్రబడతాయి. ఎర్రంకెలు ఎక్కువైనవాళ్ల కుర్చీలే అవతల ఖాళీగా ఉన్నవి.

అయినా ఆమెకొక పాత అలవాటు పోలేదు. నొక్కేముందు మిషను ముట్టని అసలు షాటును ఒక్కసారి ఫ్రేము ఫ్రేముగా జరుపుతుంది.

పదకొండు గంటలకు నీలం చొక్కా మనిషి వచ్చాడు. మూడంతస్తుల మేడ పిట్టగోడ మీంచి దూకుతున్నాడు. కెమెరా పైనుంచి చూస్తోంది. మిషను చేసిందాంట్లో వంక పెట్టడానికి లేదు. తాళ్లు లేవు, పరుపు లేదు, కింద నున్నటి రోడ్డు. ఆమె అసలుది తెరిచి జరపసాగింది. యాభై ఎనిమిదో ఫ్రేములో వేలు ఆగిపోయింది.

అతని కాళ్లు ఇంకా పిట్టగోడ అంచు వదలకముందే ఎడమ తాడు తెగింది.

యాభై తొమ్మిదిలో అతని నడుము మెలిపడింది. అరవైలో మొహం పైకి తిరిగింది. నటించేవాళ్ల నోరు పెద్దగా తెరుచుకుంటుంది. ఇతని నోరు చిన్నగా, ఏదో అడగబోతున్నట్టు ఉంది. తొంభైయారులో తల, భుజాలు పరుపు మీద ఉన్నాయి. నడుము సిమెంటు మీద ఉంది.

అంకెలు ఎర్రబడ్డాయి. ఆమె కాగితాల్లో నంబరు వెతికి ఫైట్ల యూనిట్‌కి ఫోన్ చేసింది.

"ఎవరు? నీలం చొక్కానా? ఆఁ, నడుముకి తగిలింది. ఇంటికి పంపించేశారు."

"నడిచే వెళ్లాడా అండీ?"

"ఎత్తి వ్యాన్‌లో పడుకోబెట్టారమ్మా."

"పేరేంటి? ఏ ఊరు?"

"ఆ పూటకి ఎవరో పిలుచుకొచ్చిన మనిషి. పేరెవరు రాసుకున్నారు? నువ్వెవరు, చుట్టానివా?"

"కాదండీ. తాళ్లు చెరిపేదాన్ని."

ఫోన్ పెట్టేశాడు. వెనక సూపర్‌వైజరు నిలబడి ఉన్నాడు.

"ఒక్క షాటు మీద ఇరవై నిమిషాలా చెల్లెమ్మా? నా కొంప ముంచుతావా?"

ఆమె యాభై ఎనిమిదో ఫ్రేము చూపించింది. అతను వంగి చూశాడు. చాలాసేపే చూశాడు.

"డైరెక్టరుగారు దీన్నే ఏరుకున్నారు. అచ్చం నిజంలా ఉందని మెచ్చుకున్నారు" అన్నాడు మెల్లగా.

"తాడు తెగిందన్నా."

"తెగిన తాడైనా చెరపాల్సిందేగా." కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. "మనం చూసి ఏం చేస్తాం? ఇంటికాడ పాపుంది నీకు. నొక్కెయ్."

అతను వెళ్లాక ఆమె మళ్లీ మొదటి నుంచి జరిపింది. అతను మెలిపడ్డ మరుసటి ఫ్రేములో ఎడమకాలి బూటు ఊడి పిట్టగోడ మీద ఉండిపోయింది. మిషను దాన్నీ చెత్తగా లెక్కేసి తుడిచేసింది. బూటు ఊడిన ఫ్రేము నుంచి చివరిదాకా ముప్పైయేడు ఫ్రేములు. ఆమె బొటనవేలితో కళ్లు ఒత్తుకుని, ఒక్కో ఫ్రేములో చేత్తో ఆ బూటును తిరిగి గోడ మీద పెట్టడం మొదలుపెట్టింది. మడమ అరిగిన చోటు, బురద, నీడ. ఎర్రంకెలు గంట దాటాయి, రెండు దాటాయి. తలెత్తలేదు. మూడు గంటలకు 'పాస్' నొక్కింది. మనిషి పాస్ చేసిందాన్ని మళ్లీ తెరిచి చూసే దిక్కు అక్కడ లేదు. అది అలాగే వెళ్లిపోయింది.

సాయంత్రం చూస్తే రేపటి జాబితాలో ఆమె పేరు లేదు. సూపర్‌వైజరు తల వంచుకుని, "నాకూ ఎన్నాళ్లో తెలీదమ్మా" అన్నాడు. ఆమె నీళ్ల సీసా సంచిలో వేసుకుని, కుర్చీని బల్ల కిందికి తోసి, మెట్లు దిగి వెళ్లిపోయింది.

ఆ సినిమా మీ ఊళ్లోనూ ఆడుతుంది. నీలం చొక్కా మనిషి దూకినప్పుడు అందరూ కిందికి చూస్తారు. మీరు మాత్రం ఒక్కసారి గోడ మీదికి చూడండి. మీ వీధిలోనో పక్క వీధిలోనో నడుము పడిపోయి, ఒకప్పుడు సినిమాల్లో దూకేవాణ్ణని చెప్పుకునే మనిషి ఎవరైనా ఉంటే, దయచేసి వెళ్లి ఎలా ఉన్నాడో చూసి రండి. పేరు తెలీదు. ఎడమకాలి బూటు, లేసు ముడి విప్పకుండానే, పిట్టగోడ మీద ఉంది.