కొట్టేసిన పేర్లు

మందు మాన్పించే వార్డులో పెద్ద నర్సు మాటకు తిరుగులేదు. చికిత్స మధ్యలో ఒక్కసారి తాగి వచ్చినా రిజిస్టరులో పేరు మీద ఎర్ర గీత పడాల్సిందే; మూడు నెలలదాకా మళ్ళీ గుమ్మం తొక్కనివ్వరు. ఆ రూలు పెట్టింది ఆవిడ కాదు గానీ, పదకొండేళ్ళుగా దాన్ని కంటికి రెప్పలా కాస్తున్నది మాత్రం ఆవిడే.

సోమవారం ఒక వెల్డరు పేరు కొట్టేసింది. గురువారం పొద్దున్నే వాడి అక్క వాణ్ణి రెక్క పట్టుకుని లాక్కొచ్చింది. ఇస్త్రీ పని చేసే మనిషి. చేతులెంత గట్టివో నోరూ అంత గట్టిది.

"గదిలో పెట్టి తాళం వేశాను. చుక్క ముట్టనివ్వలేదు. చూడు, చేతులెలా వణుకుతున్నాయో! గోడ మీద చీమలు పాకుతున్నాయంటున్నాడు. అక్కడ ఒక్క చీమ లేదు."

"మూడు నెలలయ్యాక రండి."

"జ్వరం తిరగబెట్టినా ఇలాగే తరిమేస్తారా?"

"జ్వరం ఎవరూ కొనితెచ్చుకోరు," అంది నర్సు తలెత్తకుండా.

"నీ నోరు పడిపోను!" అంది అక్క. అని, తమ్ముణ్ణి బెంచీ మీద కూలేసి, తనూ పక్కనే బైఠాయించింది. గంట గడిచింది. అక్కా, నర్సూ ఒకరినొకరు కొరికేసేలా చూసుకుంటూనే ఉన్నారు.

ఉన్నట్టుండి వాడు బెంచీ మీంచి జారిపడ్డాడు. ఒళ్ళంతా కొయ్యబారి, ఎగిరెగిరి పడుతోంది. నర్సు ఒక్క ఉరుకున వచ్చి, వాణ్ణి పక్కకు తిప్పి, డాక్టరును కేకేసి ఇంజెక్షన్ ఇప్పించింది. పావుగంటకు ఊపిరి కుదుటపడింది.

"హఠాత్తుగా మాన్పిస్తే ప్రాణం మీదికొస్తుందని డాక్టరు అంటున్నాడు. నీకు తెలుసా?" అక్క అడిగింది.

"తెలుసు."

"మరి సోమవారం చెప్పలేదేం?"

నర్సు వెళ్ళి రిజిస్టరు తెరిచి, ఎర్ర గీత పడ్డ పేర్లు ఒక్కొక్కటే లెక్కపెట్టసాగింది.

ఆ వారం మీటింగులో ఆవిడ రిజిస్టరు తెచ్చి పెద్ద డాక్టరు ముందు పడేసింది. "నూట నలభై మందిని గెంటేశాను. మూడు నెలలయ్యాక వచ్చింది పదహారు మంది. మిగతావాళ్ళు ఏమయ్యారో మనలో ఎవరైనా అడిగామా?"

"క్రమశిక్షణ ఉండొద్దా?"

"తాగకుండా ఉండలేకే కదండీ వాళ్ళు మన దగ్గరికొచ్చేది!"

గొడవ పెద్దదే అయింది. చివరికి పెద్ద డాక్టరు ముఖం మాడ్చుకుని రూలు ఎత్తేస్తూ సంతకం పెట్టాడు.

ఆ కబురు చెబుదామని నర్సు వార్డులోకి వెళ్ళింది. అక్క తమ్ముడికి గంజి పడుతూ, కనీసం తల కూడా తిప్పలేదు.

"నాకెందుకు చెప్తున్నావ్? నువ్వు గెంటేసిన వాళ్ళ ఇళ్ళకెళ్ళి చెప్పు."

నర్సుకి ఒళ్ళు మండింది. అయినా ఆదివారం అడ్రసుల కాగితం పట్టుకుని బయల్దేరింది. మొదటి ఇంట్లో తలుపు తీసినావిడ ఎగాదిగా చూసి, గుర్తుపట్టి, ముఖం మీదే వేసేసింది. లోపల్నుంచి మగమనిషి దగ్గు వినబడింది. నర్సు మళ్ళీ తలుపు కొట్టింది.