సయీదా పేరున వచ్చిన కార్డు

సయీదా మిరపకాయల తొడిమలు తీస్తోంది. చేటలో సగం అయ్యాయి. వేళ్లు మండుతున్నాయి. పోస్టుమాన్ నూర్ మొహమ్మద్ గుమ్మం దగ్గరే సైకిల్ ఆపి, "నీకే తల్లీ, ఆసుపత్రి నుంచి" అని కార్డు అందించి వెళ్లిపోయాడు.

కిందటి నెల మాచర్ల రైల్వే స్టేషన్లో డాక్టర్లు తీసిన రక్తాన్ని ఒకసారి చూస్తే తేలలేదట. శుక్రవారంలోగా వచ్చి మళ్లీ ఇవ్వాలట. జబ్బు పేరు రాయలేదు. కానీ ఆ డాక్టర్లు వచ్చింది ఎయిడ్స్ అనే కొత్త జబ్బు కోసమని, ఆ ఎనభై తొమ్మిది వేసవిలో ఊరంతటికీ తెలుసు.

సయీదా అసలు రక్తమే ఇవ్వలేదు.

పెరట్లో బట్టలుతుకుతున్న నాగులమ్మ, మార్తమ్మ చేతులు ఆపేశారు. ఇద్దరికీ పద్దెనిమిది, పందొమ్మిదేళ్లుంటాయి. పని రాళ్ల క్వారీలో, పడక స్టేషన్ ప్లాట్‌ఫారం మీద. డాక్టర్లు రక్తం తీసింది అక్కడ పడుకునేవాళ్ల దగ్గరే. బట్టల మూటలు మాత్రం ఈ ఇంట్లో దాచుకుంటారు.

"ఏందే, నా బిడ్డ పేరు చెప్పొచ్చారా?" అంది సయీదా తల్లి అమీనా బీ.

"ఇల్లెక్కడని అడిగారు పిన్నమ్మా. ఈ ఇల్లే చెప్పాం" అని గొణిగింది మార్తమ్మ. "ఇల్లు మీదన్నాక పేరు కూడా ఈ ఇంటిదే చెప్పాల గదా అని..."

"ఇద్దరూ అదే పేరా?" అంది సయీదా.

"నాకింకోటి తట్టలా" అంది నాగులమ్మ.

"మీ తెలివి తెల్లారినట్టే ఉంది! పెళ్లికావాల్సిన పిల్ల పేరే దొరికిందీ?" అమీనా బీ కార్డు లాక్కుని పొయ్యి దగ్గరికి నడిచింది.

సయీదా ఆమె చెయ్యి పట్టుకుంది. "కాలిస్తే రక్తం మారిపోద్దా అమ్మీ? ఇద్దరిలో ఎవరిదో తెలియొద్దూ?"

"నేను రాను" అని ఏడ్చింది నాగులమ్మ. "నాదే అయ్యుంటది. లారీలెక్కి ఊళ్లు తిరిగింది నేనే గదా. మందే లేదంట. తెలుసుకుని ఏం చేయాల? క్వారీలో పనిస్తారా, స్టేషన్లో పండుకోనిస్తారా?"

"నేనేమన్నా ఇంట్లో కూర్చున్నానా? నాది కాగూడదా? అన్నీ నీకే కావాల!" అంది మార్తమ్మ.

ఏడుపు మధ్యలోనే నాగులమ్మకు నవ్వొచ్చింది.

"రెండోసారి చూస్తే ఏమీ లేదనొచ్చు" అంది సయీదా. "ఈసారన్నా ఎవరి పేరు వాళ్లు రాయించుకోండి. నేనూ వస్తా."

"ఉందంటేనో, అక్కా?" అంది నాగులమ్మ.

సయీదా తల్లి వంక చూసింది. అమీనా బీ కార్డు నాగులమ్మ ఒళ్లో పడేసింది.

"ఉంటే ఉంటది. ఇన్నాళ్లూ మూటలు పెట్టుకోలా? ఇకనించి మనుషులు కూడా వసారాలో పండుకోండి. స్టేషనోళ్లనడిగేదేందంట!"

నాగులమ్మ కార్డు తిప్పి తిప్పి చూసింది. ఆమెకు చదువు రాదు. తడి చేతులు ఓణీకి తుడుచుకుని లేచింది. సయీదా చేతులు కడుక్కుని చెప్పులేసుకునే లోపే, మార్తమ్మ కోసం కూడా ఆగకుండా గుమ్మం దిగి ఆసుపత్రి వైపు నడిచింది.