బాపు రక్తం, రెండు పేర్లు

మా బాపు అంతయ్య బక్కపలచని మనిషి. బోథ్‌ల పత్తి పండిస్తడు. గసొంటి మనిషికి కొలెస్ట్రాల్ మూడొందల రెండు అంటే నాకు నమ్మబుద్ధి కాలే. నేను ఆదిలాబాద్‌ల ల్యాబ్ టెక్నీషియన్‌ను. రోజూ గీ అంకెలే చూస్త.

ఆ రిపోర్టు ఇచ్చింది మా ఊళ్లె శ్యాంసుందర్ కొత్తగ తెరిచిన ల్యాబు. ఫ్రీ క్యాంపు పెట్టి బాపుకు, నన్ను కన్న అవ్వ పోశవ్వకు ఒక్కదినమే రక్తం తీసిండు. అవ్వకు నూటయాభై ఎనిమిది, నార్మల్. బాపు మాత్రం పరేషాన్ అయ్యి గుడ్డు, మాంసం బంద్ పెట్టిండు.

ఆదివారం పొద్దున పరిగడుపున బాపు రక్తం నేనే తీసి రెండు ట్యూబులల్ల పోసిన. ఒకదాని మీద అంతయ్య, ఇంకోదాని మీద వెంకటి అని రాసి శ్యాంసుందర్‌కు ఇచ్చిన.

"వెంకటి ఎవరు?" అన్నడు.

"పక్కింటి తాత. నడవలేడు, ఇంటికాడనే తీసిన."

సాయంత్రం రిపోర్టులు వచ్చినయి. అంతయ్యకు రెండొందల తొంభై ఆరు. వెంకటికి నూట డెబ్బై ఒకటి.

"అన్నా, జర మిషన్ చూపెట్టు," అన్న.

"లోపటికి ఎవర్నీ రానియ్యం," అని తలుపుకు అడ్డం నిలబడ్డడు. ఆయన భుజం పక్కకెల్లి చూసిన. మిషన్ మీద గుడ్డ కప్పి ఉన్నది. ప్లగ్గు పీకి ఉన్నది.

ఇంటికొచ్చి చెప్తే బాపు నవ్విండు. "అంటే నాకేం లేదన్నట్టే గదా!"

నాకు నవ్వు రాలే. బాపు అంకె కల్పించి రాసినోడు, అవ్వ అంకె నిజం రాస్తడా? నెల సంది అవ్వ బిందె ఎత్తితే ఆయాసం అంటున్నది. రిపోర్టు మంచిగనే ఉన్నదని మేమే కొట్టిపారేసినం.

తెల్లారి ఇద్దరినీ ఆదిలాబాద్ తోల్కపోయిన. బాపుకు నూట డెబ్బై ఆరు. అవ్వకు మూడొందల ఇరవై నాలుగు.

"గిది మాత్రం నిజమని ఎట్ల నమ్మాలె బిడ్డా?" అన్నది అవ్వ.

కోపం రాలే నాకు. మిషన్ ముందట కూసోబెట్టి, ఆమె కండ్ల ముందే మళ్ల చేసిన. మూడొందల ఇరవై ఒకటి. డాక్టర్ అవ్వకు గుండె పరీక్ష చేసి, ఆ దినమే గోళీలు మొదలుపెట్టిండు.

అంతయ్య, వెంకటి పేర్ల మీదున్న రెండు రిపోర్టులు తీస్కపోయి జిల్లా వైద్యాధికారికి ఇచ్చిన. వారంల శ్యాంసుందర్ ల్యాబుకు తాళం పడ్డది. క్యాంపుల రక్తమిచ్చినోళ్లందరికీ మళ్ల పరీక్షలు పెట్టినం. ముందుగాల నార్మల్ అని వచ్చినోళ్లనే పిలిపిచ్చినం.