మూడు వేళ్ళ కప్పు

మా అన్నయ్య కారు ఇప్పుడు వీధిలో ఎండకి ఎండి వానకి తడుస్తోంది. కారు షెడ్డులో మా వదిన మట్టి పిసుకుతోంది. పెళ్ళైన కొత్తలో "నీ ఇష్టమే నా ఇష్టం" అన్నాడట అన్నయ్య. ఆ మాటని ఆవిడ అంత భద్రంగా దాచుకుంటుందని అప్పుడు తెలీదు పాపం. ముందు ఒక కుమ్మరి సారె వచ్చింది, దాని వెనకాల మట్టి బస్తాలు వచ్చాయి, ఆ తర్వాత బీరువా అంత కరెంటు బట్టీ వచ్చి మూల కూర్చుంది. కారు తనంతట తనే బయటికి నడిచింది.

శని, ఆదివారాలూ, సెలవులైతే రోజూ, చుట్టుపక్కల పిల్లలు మట్టి పని నేర్చుకోడానికి వస్తారు. నేను వదినకి సహాయకురాలిని. జీతం లేదు. ఆడపడుచు హోదా ఉందిగా, చాలదా అంటుంది. పిల్లల చెవుల్లోంచి మట్టి తియ్యడం, సింకులో మట్టి పోసినవాడిని పట్టుకోవడం, "మా వాడు ఇవాళ ఏం చేశాడండీ" అని అడిగే తల్లులకి ముద్దని చూపించి ఏనుగని నమ్మించడం నా పనులు. మొదటి రెండూ ఎవరైనా చేస్తారు. మూడోదానికి మాత్రం నాలాంటిది ఉండాలి.

ఇంతమందికి తలుపులు తెరిచిన ఆ షెడ్డులోకి ఒక్క మా నాన్నకి మాత్రం అనుమతి లేదు. ఆయన తాపీమేస్త్రీ. గోడలు కట్టడం మానేసి చాలా కాలమైంది కానీ రసమట్టం మాత్రం మానలేదు. గోడ సమంగా ఉందో లేదో లోపలి బుడగని చూసి చెప్పే ఆ చెక్క పట్టీని చంకలో పెట్టుకునే తిరుగుతాడు. ఫ్రిజ్జు మీద పెడతాడు, మంచం మీద పెడతాడు, అన్నయ్య తెచ్చిన కొత్త టీవీ మీద పెట్టి రోజంతా ముఖం మాడ్చుకున్నాడు. నా పాపిడి వంకరని చిన్నప్పటినుంచీ బాధపడుతూనే ఉన్నాడు. వదిన క్లాసులు మొదలుపెట్టిన వారంలోనే ఒక పిల్లవాడి గిన్నె దగ్గర కూర్చుని, అంచు రెండు నూళ్ళు, పావంగుళం తేడా ఉంది నాయనా, ఇది కూలుతుంది అని చెప్పాడు. వాడు ఏడుపు లంకించుకున్నాడు. వాడిని చూసి పక్కవాడు, వాడిని చూసి మిగతావాళ్ళు. ఆ సాయంత్రం వదిన ఎంతో మర్యాదగా, క్లాసు జరిగేటప్పుడు పేపరు చదువుకుంటూ ఉండమని మామగారికి చెప్పింది. అప్పటినుంచీ ఆయన కిటికీ అవతల పేపరు పట్టుకుని కూర్చుంటాడు. ఆ పేపరు ఎన్నోసార్లు తలకిందులుగా ఉండగా చూశాను.

ఈ వేసవి సెలవుల్లో ఒక పిల్ల చేరింది. ఎనిమిదేళ్ళది. ఒక్కచోట నిలబడదు కాబట్టి దానికి తూనీగ అని పేరు పెట్టాను. పుట్టుకతోనే రెండు చేతులకీ మూడేసి వేళ్ళు. బొటనవేలూ, ఇంకో రెండూ. మొదటిరోజే బల్లమీద చేతులు పరిచి, చూసేవాళ్ళందరూ ఇప్పుడే చూసెయ్యండి, మళ్ళీ మట్టైపోతాయి అంది. పిల్లలు చూశారు, ఒకడు లెక్కపెట్టాడు, అక్కడితో అయిపోయింది.

అది వచ్చింది బొమ్మలు చెయ్యడానికి కాదు. దానికో కప్పు కావాలి. బళ్ళో స్టీలు గ్లాసు నున్నగా జారిపోతుంది, రెండు చేతులతో పట్టుకుని తాగాలి. అలా తాగితే క్లాసులో పిల్లలు ఉడతా ఉడతా అంటారు. అందుకని బళ్ళో నీళ్ళు తాగడమే మానేసింది. పొద్దున్న తాగి వెళ్తే మళ్ళీ సాయంత్రం ఇంటికొచ్చాకే. ఈ సంగతి వదినకి చెప్పి, ఒంటి చేత్తో పట్టుకునే కప్పు చేసుకుంటే బడి తెరిచేసరికి ఉడత పోతుంది టీచర్ అంది. ఎంత మామూలుగా చెప్పిందంటే, నేను లేచి వెళ్ళి సింకు కడిగాను, అది అప్పటికే శుభ్రంగా ఉన్నా.

కప్పు తేలిగ్గా రాలేదు. చేసింది, చెరిపింది, మళ్ళీ చేసింది. చివరికి వదిన ఒక ఉపాయం చెప్పింది. మెత్తటి కప్పుని చేత్తో గట్టిగా పట్టుకుని అలాగే కూర్చోమంది. తూనీగ ఊపిరి బిగబట్టి కూర్చుంది. అది ఒక్కచోట అంతసేపు కూర్చోవడం నేను చూసింది ఆ ఒక్కసారే. చెయ్యి తీసేసరికి బొటనవేలికి ఒక గుంట, వేళ్ళకి రెండు గుంటలు పడ్డాయి. కప్పు ఒక పక్కకి ఒరిగింది, అంచు అలలు తిరిగింది. చూడ్డానికి ఎవరో నమిలి పక్కన పెట్టినట్టుంది. చెయ్యి పెడితే మాత్రం తాళంకప్పలో తాళంచెవిలా అతుక్కుంది. దాన్ని మూల బల్లమీద మిగతావాటి పక్కన పెట్టి, మెల్లగా ఆరడానికి ప్లాస్టిక్ కవరు కప్పాం. బడి తెరిచేలోగా కాల్చి ఇవ్వచ్చని వదిన లెక్క.

నాలుగు రోజుల తర్వాత క్లాసుకి సెలవిచ్చి నేనూ వదినా రంగుపూతలు కొనడానికి వెళ్ళాం. ఎండ మండిపోతోంది. షెడ్డులో వస్తువులు పగుళ్ళిస్తాయేమోనని, మధ్యాహ్నం ఒకసారి కవర్ల మీద తడిగుడ్డ వెయ్యమని నాన్నకి అప్పజెప్పి వెళ్ళింది వదిన. తడిగుడ్డ వెయ్యాలంటే లోపలికి వెళ్ళాలి. లోపలికి వెళ్ళాక కవరు కింద ఏముందో చూడకుండా ఉండాలంటే మనిషి మా నాన్న కాకుండా ఉండాలి.

మేం తిరిగొచ్చేసరికి ఆయన గుమ్మంలోనే ఎదురొచ్చాడు. మొహం వెలిగిపోతోంది. మోచేతుల దాకా మట్టి. రా అమ్మా, ఒకసారి చూడు అని కోడలిని షెడ్డులోకి తీసుకెళ్ళాడు. బల్లలమీద కప్పులూ గిన్నెలూ బారులు తీరి ఉన్నాయి. ఒక్కటంటే ఒక్కటి వంకర లేదు. అంచులన్నీ కత్తితో కోసినట్టు సమంగా ఉన్నాయి. ఉన్నట్టేమిటి, కోశాడు, మా వంటింటి చాకుతో. తర్వాత తడిస్పాంజితో నున్నగా పాలిషు పట్టాడు. మేం పిడుగని పిలుచుకునే పిల్లవాడు చేసిన ఏనుగుకి కాళ్ళు ఎక్కువతక్కువలున్నాయట. ఒకటి కోస్తే ఇంకోటి పొడుగైంది, అది కోస్తే మొదటిది పొడుగైంది. మొత్తానికి ఏనుగు పొట్టమీద పడుకుంది. పడుకున్న ఏనుగు కూడా బావుంటుందిలే అన్నాడు నాన్న. తల్లులందరూ వచ్చి చూస్తారు కదా, ఇలాంటి వంకర సరుకు చూస్తే కోడలికి పని రాదనుకుంటారని ఆయన బెంగ. ఆవిడ పరువు కోసం మధ్యాహ్నం భోజనం కూడా మానేశాడు.

వదిన అవేవీ చూడటం లేదు. మూల బల్ల దగ్గరికి వెళ్ళి నిలబడింది.

"మామయ్యగారూ, ఇక్కడ నొక్కులున్న కప్పు ఒకటుండాలి."

"అదా? పూడ్చేశానమ్మా. ఎవరో చూసుకోకుండా గట్టిగా పట్టేసుకున్నట్టున్నారు, పాపం" అన్నాడు నాన్న.

మళ్ళీ నొక్కుదామంటే మట్టి అప్పటికే బిగిసిపోయింది. వదిన ఇంకో కప్పు మీద వేలితో నొక్కి చూస్తే పుటుక్కున బీట కొట్టింది. నేను నాన్న మీద అరిచాను. ఏళ్ళ తరబడి పాపిడి గురించి పడ్డ మాటలన్నిటికీ కలిపి అరిచాను. ఆయనకి నేనెందుకు అరుస్తున్నానో అర్థం కాలేదు. సరిచేసినందుకు తిట్లు తినడం ఆయన జన్మలో ఎరగడు. తూనీగ సంగతి ఆయనకి ఎవరూ చెప్పలేదు, కిటికీ అవతలినుంచి అంత వినపడదు. వదిన నన్ను ఆపింది. ఆయనకి మాత్రం ఏమీ చెప్పలేదు, చెప్పే ఓపిక లేక.

మర్నాడు క్లాసుకి పిల్లలొచ్చారు. ఏది ఎవరిదో ఎవరికీ తెలీలేదు. కప్పులన్నీ కవల పిల్లల్లా ఉంటే ఎవరు మాత్రం పోల్చుకుంటారు? నాదంటే నాదని కొట్టుకున్నారు. పిడుగు తన ఏనుగు చచ్చిపోయిందని ప్రకటించాడు. వాడి తల్లి మాత్రం చేతికందిన గిన్నె తిప్పి తిప్పి చూసి, మా వాడిలో ఇంత కళ ఉందనుకోలేదండీ అని కళ్ళు తుడుచుకుంది. అది మా నాన్న కళ అని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

తూనీగ తన చోటికి వెళ్ళి అక్కడున్న కప్పుని పట్టుకుంది. చెయ్యి జారింది. మళ్ళీ పట్టుకుంది, మళ్ళీ జారింది. జాగ్రత్తగా బల్లమీద పెట్టేసింది.

"ఇది నాది కాదు టీచర్" అంది.

వదిన దాని పక్కన మోకాళ్ళ మీద కూర్చుని జరిగింది చెప్పింది. ఈలోగా నాన్న కిటికీ దగ్గర్నుంచి లేచి, అనుమతి లేకపోయినా లోపలికొచ్చాడు. నేనే చేశానమ్మా, బాగుచేద్దామనుకున్నాను, ఇంకోటి చేసుకుంటే సరిపోదా అన్నాడు. చేసుకోవచ్చు, ఆరి కాలేసరికి పది రోజుల పైమాటే అంది వదిన. సోమవారం బడి.

తూనీగ కాస్త ఆలోచించింది. "పర్లేదు తాతగారూ. ఇన్నాళ్ళూ బళ్ళో నీళ్ళు తాగలేదుగా. ఇంకో పది రోజులు ఎంతలో అయిపోతాయి?" అంది, ఆయన్ని ఓదారుస్తూ.

నీళ్ళు తాగకపోవడమేమిటని నాన్న వదిన వైపు చూశాడు. ఆవిడ అప్పుడు చెప్పింది, గ్లాసు జారడం, ఉడత, అన్నీ. నాన్న అక్కడే మట్టి బస్తా మీద కూలబడ్డాడు. ముందురోజు అంత అరిచిన నాకు ఆయన్ని చూస్తే జాలేసింది. అరిచింది చాలదని కూడా అనిపించింది. రెండూ నిజమే.

కొత్త కప్పు ఆ గంటలోనే మొదలైంది. మట్టి నేను పిసుకుతానన్నాడు నాన్న. సున్నం, ఇసక కలిపిన చేతులు, నాలుగు నిమిషాల్లో వెన్నముద్ద చేసిపెట్టాడు. అక్కడితో ఆయన పని అయిపోయిందని తూనీగ చెప్పేసింది. చేతులు వెనక్కి కట్టుకుని నిలబడమంది. గోడలు కట్టే కూలీలందరినీ హడలగొట్టిన మా నాన్న, హోంవర్కు చెయ్యని కుర్రాడిలా చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. కప్పు ఒరుగుతుంటే ఆయన మెడ కూడా ఒరిగింది. ఇక్కడ కాస్త ఎత్తు తగ్గినట్టు, అని ఒకసారి నోరు తెరిచాడు. తాతగారూ అంది అది. నోరు మూసేశాడు.

ఆ తర్వాత ఇల్లంతా నాన్న కాపలా. కప్పు ఆరుతోందని అన్నయ్యని తలుపులు గట్టిగా వెయ్యొద్దన్నాడు. నన్ను షెడ్డులో తుమ్మొద్దన్నాడు. బడి బస్సు మా సందు చివర ఆగుతుంది. తూనీగ దిగీదిగగానే మా ఇంట్లోకి పరిగెత్తుకొచ్చి, వంటింట్లో పెద్ద చెంబు రెండు చేతులతో ఎత్తి గటగటా తాగేది. రెండోరోజునుంచీ అది వంటింటి దాకా రానక్కర్లేకపోయింది, చెంబు పట్టుకుని నాన్నే గేటు దగ్గర నిలబడేవాడు. ఆ రోజుల్లో ఆయన పొద్దున్నుంచి ఆ బస్సు వచ్చేదాకా నీళ్ళు ముట్టుకునేవాడు కాదు. ఏమిటిది అని అడిగితే దాహం వెయ్యట్లేదన్నాడు. రోళ్ళు పగిలే ఎండలో దాహం వెయ్యట్లేదట.

ఒకసారి కాల్చి, రంగుపూత పూసి, మళ్ళీ కాల్చి, బట్టీ చల్లారాక వదిన తలుపు తీసింది. మిగతా పిల్లల సామాన్ల మధ్య కప్పు నీలం రంగులో, ఎంత వంకరగా వెళ్ళిందో అంత వంకరగా కూర్చుని ఉంది. ఎక్కడా బీట లేదు. నాన్న గట్టిగా ఊపిరి వదిలాడు.

సాయంత్రం తూనీగ వచ్చింది. సంచీ భుజం మీంచి తియ్యలేదు. కప్పుని అంచు దాకా నింపమంది. వదిన నింపింది. అది కుడిచేత్తో పట్టుకుని పైకెత్తింది. రెండో చెయ్యి ఖాళీగా ఉందని మాకు తెలియాలని కాబోలు, నడుం మీద పెట్టుకుంది. ఒక్క చుక్క కింద పడకుండా కప్పు ఖాళీ చేసింది. మళ్ళీ నింపమంది. మళ్ళీ తాగింది. మూడోసారి పోయించుకుని, ఇక పొట్టలో చోటు లేక నాన్నకి అందించింది.

"మీరు తాగండి తాతగారూ. ఒంటి చేత్తోనే."

నాన్న అందుకున్నాడు. బొటనవేలు పెట్టాల్సిన చోటు దొరికింది కానీ మిగతా నాలుగు వేళ్ళకీ చోటు కుదరలేదు. రెండు గుంటల్లో రెండు దూరితే మిగిలినవి అడ్డంగా పొడుచుకొచ్చాయి. మడిచాడు, చాపాడు, ఇటు తిప్పాడు. అంతలో కప్పు వాలి, నీళ్ళన్నీ చొక్కా మీద పడ్డాయి. కప్పుని మాత్రం పొట్టకి ఆనించి కాపాడుకున్నాడు. నేనూ వదినా నవ్వు ఆపుకోలేకపోయాం.

తూనీగ నవ్వలేదు. దగ్గరికొచ్చి ఆయన చెయ్యి పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది.

"మీకు రెండు వేళ్ళు ఎక్కువున్నాయి తాతగారూ. అందుకే కుదరట్లేదు" అంది.

నాన్న కూడా తన చెయ్యి తిప్పి చూసుకున్నాడు.

"ఏం చెయ్యనమ్మా, పుట్టుకతోనే ఇంతే" అన్నాడు.

"పర్లేదులెండి" అంది తూనీగ, "మీకు సరిపోయేది వేరే చేద్దాం."