పుట్టకు ఇవ్వని గడువు

తంగేడు మొదలు ఇంకా కదలడం లేదు. అంజినప్ప గడ్డపారను మళ్లీ దించాడు. అనంతపురం ఊరి బయట ఉన్న ఆ ఇంటి ముందు పదకొండేళ్లుగా గడ్డి లేదు. బోరు ఎండిన ఏడాది యజమానురాలు పద్మప్రియ గడ్డి తీయించి తంగేడు, కలబంద, రేగు పెట్టించింది. మొదళ్లలో వేరుశనగ పొట్టు పరిచి వాటిని బతికించింది అంజినప్పే. వానలు ఎగ్గొట్టినా అవి ఎండలేదు. అందుకు మెచ్చుకున్న మనిషి మాత్రం ఒక్కడూ లేడు.

ఇప్పుడు ఇల్లు అమ్మకానికి పెట్టారు. చూసిపోయిన ముగ్గురూ "వల్లకాడు మాదిరి ఉండాది" అన్నారు. ఇల్లు అమ్ముడైతే, కొన్నవాళ్లకు చెప్పి గేటు పక్క గదిలోనే ఉంచుతానని పద్మప్రియ అతనికి మాటిచ్చింది. సొంతూరు కంబదూరులో అతనికి ఇల్లూ లేదు, చేనూ లేదు. ఆ గది కూడా పోతే యాభై తొమ్మిదేళ్ల మనిషి ఎక్కడ తలదాచుకోవాలి? అందుకే, తాను పెంచినవాటిని తానే పెకలిస్తున్నాడు పాపం.

బ్రోకర్ దివాకర్ చాపల్లా చుట్టిన పచ్చికను వ్యానులోంచి దింపించాడు.

"నాలుగింటికి కొనేవాళ్లు వస్తాండారు. ఆ మూల పుట్ట కూడా తీసెయ్ అన్నా."

"పుట్టకు మూడు దినాలు గడువియ్యల్ల సామీ. పసుపు చల్లి, పొమ్మని అడిగి, ఆమీట తవ్వల్ల."

"వాళ్లు ఈ పొద్దే వస్తాంటే మూడు దినాలంటావేమప్పా!"

అంజినప్పకు భయం వేసింది. అయినా పుట్టకు దండం పెట్టి గడ్డపార వేశాడు. పెళ్లలు చేత్తో లాగుతుంటే వేలికి ఏదో చురుక్కుమంది. రేగుముల్లు అనుకున్నాడు. రోజూ పది ముళ్లు గుచ్చుకునే మనిషి చెయ్యి చూసుకుంటాడా? పంచెకు తుడుచుకుని పని సాగించాడు.

మధ్యాహ్నానికి పచ్చిక పరిచి ట్యాంకరు నీళ్లు పట్టారు. ఆ ఎండలో అంత పచ్చదనం చూస్తే అతనికి ఎందుకో ఒళ్లు జలదరించింది. రెప్పలు వాలిపోతున్నాయి. మాట ముద్దముద్దగా వస్తోంది.

"ఎండదెబ్బేమో, నీడకు కూచో పో" అన్నాడు దివాకర్. అంజినప్ప గోడకు ఆనుకుని కూర్చున్నాడు.

నాలుగింటికి కొనేవాళ్లు వచ్చారు. కొడుకు పచ్చిక చూసి ముచ్చటపడ్డాడు. తల్లి ఓబులమ్మ మూలన ఎర్రమట్టి దగ్గర ఆగిపోయింది.

"ఈడ పుట్ట ఉండె కదా?"

"పొద్దున తీసేసినామమ్మా."

"పోయిన నెల గేటు బయట నిలబడి చూసినా. తంగేడు పూలు, పుట్ట, ఎంత సల్లగుండె. ఈ ఇల్లే కొను నాయనా అని నేనే చెప్పినా. పుట్ట పగలగొట్టిన జాగాలో నేను కాలు పెట్టను. ఎవురు పగలగొట్టింది?"

దివాకర్ గోడవైపు చూపించాడు. ఓబులమ్మ అంజినప్ప దగ్గరికి పోయి పిలిచింది. పలకలేదు. చెయ్యి పట్టుకుని చూసింది. వేలిమీద పక్కపక్కనే రెండు కోరల గాట్లు.

"పాము ముట్టిండాది. పానం పోయి శానాసేపయింది."

ఆమె ఆ చేతిని మెల్లిగా అతని ఒడిలో పెట్టింది. మధ్యాహ్నం ఎవరో తెచ్చిపెట్టిన టీ గ్లాసు అతని మోకాలి పక్కనే ఉంది, నిండుగా, మీగడ కట్టి, ఎర్రదుమ్ము పడుతూ.